వార్డు మెంబర్‌గా గెలిచాను, మోరీ ఎవరు తీయించాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు

ఆరో వార్డు:

అందరికీ నమస్తే. మాది తెలంగాణలో ఒక చిన్న మండల కేంద్రం. పేరుకే మండల కేంద్రం, ఇంకా గ్రామ పంచాయతీయే. 2025 డిసెంబరు ఎన్నికల్లో మా వార్డు మహిళలకు రిజర్వ్ అయితే నిలబడ్డాను, గెలిచాను. ఇంట్లో కుట్టు మిషన్ మీద బతికేదాన్ని, రాజకీయాలు తెలియవు. డిగ్రీ చదివాను కాబట్టి కాగితం చేతికిస్తే చదువుకోగలను. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

వార్డులో రెండు బాధలున్నాయి. హైస్కూలు వెనక గల్లీలో మోరీ నిండి నీళ్ళు రోడ్డు మీదే నిలుస్తున్నాయి. పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని గోడవారగా బడికి పోతున్నారు. రెండోది వీధి లైట్లు. ఒక వరసలో మూడు స్తంభాలకు అసలు వెలుగే లేదు. దానికి ఎదురు వరసలో పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటాయి.

కార్యదర్శిని అడిగితే "ఫండ్స్ లేవు మేడమ్" అంటారు. సర్పంచ్‌ని అడిగితే "కార్యదర్శి చూసుకోవాలి కదా" అంటారు. ఎంపీడీఓ ఆఫీసుకు పోతే ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌ని కలవమన్నారు. ఏఈ సారేమో "తీర్మానం లేకుండా నేనేం చేస్తానమ్మా" అన్నారు. నెలనెలా మీటింగ్ ఉంటుంది. అజెండా చదువుతారు, ఖర్చులు చదువుతారు, రిజిస్టర్ మన ముందుకు వస్తుంది, సంతకం పెట్టి చాయ్ తాగి వస్తాం. ఒకసారి ఏదో అడగబోతే "మీ ఆయన్ని పంపమ్మా, మాట్లాడుకుంటాం" అన్నారు. ఓట్లేసింది మా ఆయనకు కాదు.

గొడవలు నాకు వద్దు. కార్యదర్శి మంచి అబ్బాయే, పొద్దున ఆరింటికే ఊళ్ళో తిరుగుతుంటాడు. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే. చట్టం ప్రకారం వార్డు మెంబర్‌కు సంతకం పెట్టడం తప్ప ఇంకేమైనా అధికారం ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?


గల్లీ పోరడు:

అక్కా, ఇవన్నీ ఎందుకు. మోరీ ముందు నిలబడి ఒక నిమిషం వీడియో తీయి. స్టేటస్‌లో పెట్టు, కలెక్టర్ ఆఫీస్‌కు ట్యాగ్ చేయి, లోకల్ రిపోర్టర్‌కు పంపు. మా ఊళ్ళో అట్లనే చేసినం, సాయంత్రానికి జేసీబీ వచ్చింది. వీళ్ళకు కాగితం భాష అర్థం కాదు, వ్యూస్ భాషే అర్థమైతది.


పాత కారోబార్:

అమ్మా, శుభాకాంక్షలు. నేను కారోబార్‌గా, అంటే పంచాయతీ గుమాస్తాగా చేరి పంచాయతీ కార్యదర్శిగా రిటైరయ్యాను. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద పనిచేశాను, 2018 చట్టం కిందా పనిచేశాను. సర్పంచ్‌లతో వేగాను, సర్పంచ్‌లు లేక స్పెషల్ ఆఫీసర్లు వచ్చినప్పుడు వాళ్ళతోనూ వేగాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

ముందు ఆ "ఫండ్స్ లేవు" అనే మాట సంగతి. ఆ మాట విని ఎప్పుడూ వెనక్కి రాకు. అది అబద్ధమని నేననడం లేదు. కానీ పంచాయతీ డబ్బంతా ఒకే పద్దులో ఉండదు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, ఇంటి పర్మిషన్ ఫీజులు, అంగడి తైబజారు వేలం, ఇవన్నీ సాధారణ నిధిలోకి వస్తాయి. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం గ్రాంటు వేరే, రాష్ట్ర ఆర్థిక సంఘం కింద రాష్ట్రం ఇచ్చే ఎస్ఎఫ్‌సీ డబ్బు వేరే. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా ఇవ్వాలన్న డబ్బులో 60 శాతానికి ముందే హద్దు గీసింది. అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది, జీతాలకు మాత్రం కుదరదంది. అంటే నువ్వు అడగాల్సింది "డబ్బు ఉందా" అని కాదు, "ఏ పద్దులో లేదు" అని. మోరీలో పూడిక తీయడం పారిశుధ్యం కిందికి వస్తుంది, వీధి లైటు రాదు. రెండింటికీ ఒకే జవాబు చెప్పారంటే, చెప్పినవాళ్ళు పద్దు తెరిచి చూడలేదన్నమాట.

ఇంకో నిజం కూడా చెప్పాలి, లేకపోతే మీ కార్యదర్శి పిల్లాడికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. 2024 ఫిబ్రవరి నుంచి మొన్నటి ఎన్నికల దాకా మన పంచాయతీల్లో ఎన్నికైన పాలకవర్గాలు లేవు. పాలకవర్గం లేకపోతే కేంద్రం గ్రాంటు ఆగిపోతుంది. మరి అన్ని నెలలు ట్రాక్టర్‌లో డీజిల్ ఎవరు పోశారు? బ్లీచింగ్ పౌడర్ ఎవరు తెచ్చారు? మోటరు కాలితే వైండింగ్ ఎవరు చేయించారు? చాలా ఊళ్ళలో అప్పు మీదే నడిచింది. కొంత షాపులవాళ్ళది, కొంత కార్యదర్శి జేబులోది. ఇప్పుడు వచ్చే రూపాయి ముందు ఆ బాకీలకే పోతుంది. పోవాల్సిందే. కానీ ఎవరి బాకీ ముందు తీరింది, ఎవరిది ఇంకా అట్లాగే ఉంది, అది మాత్రం చూడు. ఊరి సంగతి సగం అక్కడే తెలిసిపోతుంది.

ఇక నీ అధికారం. ప్రమాణ స్వీకారం రోజు శాలువాలు కప్పుతారు గానీ ఇది ఎవరూ చదివి వినిపించరు. పంచాయతీ పనుల్లో ఎక్కడైనా నిర్లక్ష్యం జరిగినా, ఆస్తి వృథా అవుతున్నా, ఒక వాడకు ఏదైనా అవసరమున్నా దాన్ని ఎత్తిచూపే హక్కు ప్రతి మెంబర్‌కూ ఉంది. పాలన విషయాల మీద సర్పంచ్‌ను ప్రశ్నించే హక్కు ఉంది. అన్నిటికంటే పెద్దది, ముందుగా నోటీసు ఇచ్చి ఆఫీసు వేళల్లో పంచాయతీ రికార్డులు చూసే హక్కు. నా సర్వీసు మొత్తంలో ఈ మూడోదాన్ని వాడుకున్న మెంబర్లు చాలా తక్కువ. వాడుకున్నవాళ్ళను మాత్రం మేం ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళం. భయంతో కాదు. రిజిస్టర్ చదివిన మనిషితో మాట్లాడటం తేలిక.

నోటీసంటే లాయర్ నోటీసు అనుకోకు. తెల్లకాగితం మీద ఇంతే రాయి:

"గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. నేను 6వ వార్డు సభ్యురాలిని. నా వార్డు పారిశుధ్యం, వీధి దీపాల గురించి తెలుసుకోవడానికి క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్, తీర్మానాల పుస్తకం, ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్ చూడాలనుకుంటున్నాను. మీకు వీలైన తేదీ, సమయం తెలియజేయగలరు." కింద సంతకం, తేదీ. ఇంకో కాపీ మీద "ముట్టింది" అని రాయించుకుని సంతకం తీసుకో.

నాలుగింట్లో స్టాక్ రిజిస్టర్‌ను చిన్నచూపు చూడకు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో రాత్రయితే చీకటి, అందరూ సర్పంచ్‌ను తిడుతున్నారు. చూస్తే బల్బులు కొన్నట్టు బిల్లుంది, స్టాక్‌లో ఎక్కించారు, ఇచ్చినట్టు రాసే గడి మాత్రం ఖాళీ. మింగేశారని గోల మొదలైంది. బీరువా తెరిస్తే డబ్బాలు విప్పకుండా అక్కడే ఉన్నాయి. స్తంభాల పని చూసే మనిషి జీతం రాక మానేసి హైదరాబాద్ పోయాడు, బిగించేవాడు లేడు. అక్కడ కొరత పైసలది కాదు, మనిషిది. రిజిస్టర్ చూడకపోతే ఆ ఊరు ఇంకో పాతిక బల్బులు కొనేది.

మోరీకి వద్దాం. దరఖాస్తు రాసేముందు ఒక పని చెయ్యి. నీళ్ళు ఎక్కడ నిలిచాయో అక్కణ్ణుంచి మోరీ వెంబడి చివరిదాకా నడువు, ఎక్కడికి పోయి కలుస్తుందో చూడు. పూడిక వల్ల ఆగితే అది పంచాయతీ సిబ్బంది పని, ఏఈతో సంబంధం లేదు. మోరీ పగిలినా, కొత్తది కట్టాలన్నా తీర్మానం, ఎస్టిమేట్ కావాలి, పనయ్యాక ఏఈ కొలతలు ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో రికార్డు చేయాలి. మూడోది వాలు. మోరీ కట్టేశారు గానీ నీళ్ళు పోయే చోటు లేదు. అది కష్టమైన కేసు, మందిని కూర్చోబెట్టి మాట్లాడాలి. నాలుగోది ఎవరూ నోటితో చెప్పరు. ఇంటి ముందు ర్యాంపు. మోరీ మీద కాంక్రీటు పోసేస్తారు, కింద ఒక సన్నటి పైపు వదులుతారు, రెండు వానలకు అది పూడుకుపోతుంది. పార దూరదు, చెయ్యి దూరదు. నేను చూసిన మోరీ తగాదాల్లో ఎక్కువ భాగం ర్యాంపు తగాదాలే. "ఫండ్స్ లేవు" అన్న మాట వెనక కొన్నిసార్లు "ఆ ఇల్లు ఎవరిదో తెలుసు కదా" అన్న మాట దాక్కుని ఉంటుంది.

లైట్ల విషయం తొందరగా చెప్పేస్తా. పగలు కూడా వెలుగుతున్నాయంటే అక్కడ మూడో వైరు లాగలేదని అర్థం. వీధి లైట్లకు వేరే తీగ, స్విచ్చు ఉంటేనే ఆర్పగలం. లేకపోతే మెయిన్ లైన్‌కే కట్టేస్తారు, ఇరవై నాలుగ్గంటలూ కాలుతూనే ఉంటాయి, కరెంటు బిల్లు పంచాయతీ కడుతుంది. మూడో వైరు కరెంటోళ్ళతో చేయించాల్సిన పని. అది ఇంకో ఆఫీసు, ఇంకో ఉత్తరం. ఒకటి గుర్తుపెట్టుకో. లైటు కోసం తొందరపెట్టి సఫాయి మనిషిని స్తంభం ఎక్కనివ్వకు. లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైన్ ఆపే అనుమతి తీసుకుని లైన్ ఆపించాకే ఎవరైనా చెయ్యి పెట్టాలి. నువ్వు మెంబర్‌వి, నీ మాట మీద మనిషి ఎక్కితే నువ్వే జవాబుదారీ.

పోరడు చెప్పిన వీడియో పనిచేయదని అనను. సాయంత్రానికి జేసీబీ వస్తుంది, పైన ఉన్నది గీకిపోతుంది. ఆ జేసీబీ కిరాయి కూడా నీ పంచాయతీ పద్దులోనే పడుతుంది బాబూ, అది వీడియోలో కనపడదు. ర్యాంపు అట్లాగే ఉంటుంది.


గల్లీ పోరడు:

కాకా, మీరు చెప్పింది కరెక్టే కావచ్చు. కానీ మాకు మెంబర్ హోదా లేదు, రిజిస్టర్ చూపించమంటే "నువ్వెవరు" అంటరు. మామూలు మనిషి ఏం చేయాలె?


పాత కారోబార్:

ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. ఊరి స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు. అడిగేటప్పుడు "పంచాయతీ అవినీతి వివరాలు" అని రాయకు, అది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వీధి దీపాల సామాను కొన్న బిల్లుల నకళ్ళు అని అడుగు. ఇంకోటి, గ్రామసభలో నువ్వూ మెంబర్‌వే. ఓటరు లిస్టులో పేరుంటే చాలు. 2018 చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. నువ్వు చివరిసారి ఎప్పుడు పోయావు?


డ్యూటీలో ఉన్నా:

నేను ప్రస్తుతం పనిచేస్తున్న పంచాయతీ కార్యదర్శిని, 2019లో జేపీఎస్‌గా, అంటే జూనియర్ పంచాయతీ సెక్రటరీగా చేరినవాణ్ణి. పదిహేను వేల జీతంతో మొదలుపెట్టాం. రెగ్యులర్ చేయమని 2023లో సమ్మె కూడా చేశాం. పెద్దాయన రాసింది దాదాపు అంతా నిజమే. ఒక్కచోట మాత్రం ఒప్పుకోను, అది చివర్లో రాస్తా.

ముందు మా పొద్దు ఎట్లా గడుస్తుందో మెంబర్ గారు తెలుసుకోవాలి. పొద్దున్నే ఊళ్ళో మోరీ దగ్గర ఒక ఫోటో, రోడ్డు ఊడ్చింది ఒక ఫోటో, చెత్త ట్రాక్టర్‌ది ఇంకో ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. తర్వాత ఆఫీసు. జనన మరణాల రిజిస్ట్రేషన్, పర్మిషన్లు, పన్ను వసూళ్ళు, ఉపాధి హామీ నర్సరీ. మధ్యలో ఏ సర్వే వచ్చినా మేమే. ఇల్లు సాంక్షన్ కాని ప్రతి ఇంటివాళ్ళూ మమ్మల్నే తిడతారు, మంజూరు మా చేతిలో ఉండదు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టంలో రాశారు, బతక్కపోతే సర్పంచ్‌కూ మాకూ ఇద్దరికీ గండమే. ఎండాకాలం మొక్కలకు ట్యాంకర్ పంపితే "మోరీ తీయడానికి ట్రాక్టర్ లేదంటావేం" అని వార్డువాళ్ళు. ఉన్నది ఒక్క ట్రాక్టర్.

సిబ్బంది సంగతి ఇంకా బాధ. 2019లో జీఓ 51తో అందర్నీ మల్టీ పర్పస్ వర్కర్లు అన్నారు. అంటే చెత్త ఎత్తే మనిషే ట్రాక్టర్ తోలాలి, మోటర్ వేయాలి, లైటు చూడాలి. అప్పుడు 8,500 అన్నారు, తర్వాత 9,500 అయింది. అది కూడా నెలనెలా అందితే చాలని అడిగే మనుషులు వాళ్ళు. మూడు నెలల జీతం బాకీ ఉన్న మనిషితో "పొద్దున ఆరింటికి రా, మోరీలో దిగు" అని చెప్పడానికి నాకు నోరు రాదు. అయినా చెప్తాను, వాళ్ళు దిగుతారు. బూట్లు, గ్లౌజులు ఇచ్చామని స్టాక్ రిజిస్టర్‌లో ఉంటే అవి వాళ్ళ కాళ్ళకు ఉన్నాయో లేవో కూడా చూడండి మేడమ్. రికార్డు చూసే హక్కు ఎట్లాగూ వాడుతున్నారు కదా.

బిల్లుల సంగతి ఇంకోటి. మేం చెక్కు రాసి ట్రెజరీకి పంపితే డబ్బు వచ్చినట్టు కాదు. నెలలకొద్దీ అక్కడే ఆగిన బిల్లులున్నాయి. క్యాష్ బుక్‌లో ఖర్చు కనపడుతుంది, షాపువాడికి పైసలు అంది ఉండవు. చూసినవాళ్ళు మేమే తిన్నామనుకుంటారు.

ఇప్పుడు ఒప్పుకోని మాట. మొదటి రోజే నోటీసు పట్టుకుని రాకండి. ఊళ్ళో అది వేరేగా పాకుతుంది. "ఆరో వార్డామె కార్యదర్శి మీద కంప్లైంట్ పెట్టింది" అని సాయంత్రానికి హోటల్లో చర్చ. సర్పంచ్ దానికి ఒక రంగు పూస్తాడు, ఇంక నేను మీకు సాయం చేయాలన్నా చేయలేను. పదకొండు తర్వాత ఆఫీసుకు రండి, రిజిస్టర్లు నేనే తీసి చూపిస్తా. చాలామంది కార్యదర్శులు చూపిస్తారు.


పాత కారోబార్:

నాయనా, నీ కష్టం నాకు తెలుసు, మా రోజుల్లో ఫోటోలు లేవు, అంతే తేడా. కానీ ఈ ఒక్కమాట మీద నేను నీతో కలవను. నువ్వు మంచివాడివి, చూపిస్తావు. రేపు నీకు ట్రాన్స్‌ఫర్ అయితే? కొత్తగా వచ్చినవాడు "నోటిమాటగా ఎవరు చూపించమన్నారు" అంటే ఆమె దగ్గర ఏముంది? కాగితం ఉంటే నీకూ రక్షణే. సర్పంచ్ వచ్చి "రిజిస్టర్లు ఎందుకు చూపించావు" అన్నాడనుకో, "మెంబర్ నోటీసిచ్చింది, చట్టం చూపించమంది" అని చెప్పొచ్చు. నోటిమాట మీద చూపిస్తే నువ్వే ఇరుక్కుంటావు.

ఆ అమ్మాయి చేయాల్సింది, ముందు ఫోన్ చేసి "రేపు కాగితం ఇస్తాను, ఏమనుకోకు తమ్ముడూ" అని చెప్పి, తర్వాత కాగితం ఇవ్వడం.


డ్యూటీలో ఉన్నా:

ఫోన్ చేసి చెప్పి ఇస్తే సరే సార్. అట్లయితే ఇబ్బంది లేదు. ఇంకో చిన్న మాట మేడమ్. మీటింగ్‌లో మీరు మోరీ గురించి గట్టిగా మాట్లాడితే చప్పట్లు కొడతారు, అంతటితో అయిపోతుంది. ముందే రాసిచ్చి అజెండాలో అంశంగా పెట్టించండి. అజెండాలో ఉంటే తీర్మానం రాయాల్సిందే, ఒప్పుకున్నారనో తిరస్కరించారనో ఏదో ఒకటి. ఆ తీర్మానం కాపీ చేతిలో ఉంటేనే నేను ఏఈ దగ్గరికి పోయి ఎస్టిమేట్ వేయించగలను. తీర్మానం రాసేదాకా సంతకం పెట్టకండి. హాజరు సంతకం వేరు, తీర్మానం కింద సంతకం వేరు. కింద ఖాళీ వదిలి సంతకాలు తీసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది మాత్రం ఒప్పుకోవద్దు.


ఆరో వార్డు:

అందరికీ థాంక్స్. కొన్ని వారాలు పట్టింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నా.

ఫోన్ చేసి, తర్వాత కాగితం ఇచ్చాను. కార్యదర్శి ముందు కొంచెం ముభావంగా ఉన్నాడు గానీ సంతకం పెట్టి కాపీ ఇచ్చాడు. రిజిస్టర్లు చూశాను. అన్నీ అర్థమయ్యాయని చెప్పను. కొన్ని మాత్రం కళ్ళకు కొట్టినట్టు కనపడ్డాయి. లైట్ల సంగతి పెద్దాయన చెప్పినట్టే ఉంది, మా స్కూలు వరసకు మూడో వైరే లేదు. కరెంటు ఆఫీసుకు పంచాయతీ నుంచి ఉత్తరం పోలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి పోలేదట. ఇప్పుడు పంపించాం. చీకటిగా ఉన్న మూడు స్తంభాలకు బల్బులు బిగించారు, లైన్‌మన్ వచ్చే బిగించాడు.

ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్‌లో మా వార్డు పేజీ చూసి సిగ్గేసింది. నా గుమ్మం ముందు నిలబడి "గెలిచినంక మా మొహం చూడవైతివి" అని అరిచే ఇద్దరివీ ఏళ్ళ తరబడి బాకీలు. అందులో ఒకాయనకు రెండంతస్తుల ఇల్లు. ముసలామె, పెన్షన్ మీద బతికేది, ఏటా మార్చిలోపు కట్టేసింది. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నా.

అసలు చిక్కు మోరీ దగ్గర. చివరిదాకా నడిచాను. పూడిక కాదు, వాలూ బాగానే ఉంది. కల్వర్టుకు కొంచెం ముందు ఒక పెద్ద ర్యాంపు, కింద చేయి కూడా పట్టనంత పైపు. ఆ ఇల్లు ఉప సర్పంచ్ వాళ్ళ అన్నది. చెక్కుల మీద సర్పంచ్‌తో పాటు సంతకం పెట్టేది ఉప సర్పంచే కదా. ఇప్పుడు దీన్ని మీటింగ్‌లో ఎట్లా లేవనెత్తాలి? పేరు చెప్తే రేపు నా వార్డు బిల్లు ఏదొచ్చినా పక్కన పడేస్తారని టెన్షన్‌గా ఉంది.


పాత కారోబార్:

పేరు రాయకు, ఇంటి నంబరు కూడా రాయకు. "హైస్కూలు గేటు నుంచి కల్వర్టు దాకా మోరీపై ఉన్న ర్యాంపులన్నీ కొలిచి, నీటి ప్రవాహానికి అడ్డంగా ఉన్నవాటిని సరిచేయించుట" అని అంశం పెట్టు. ఆ వరసలో చిన్న ర్యాంపులు ఇంకో ఆరేడు ఉంటాయి. అందులో నీకు ఓటేసినవాళ్ళవీ ఉంటాయి, వాళ్ళ ఇళ్ళకు ముందే పోయి చెప్పు. నీ వాళ్ళవి వదిలేసి ఆయనది ఒక్కటే తీయమంటే అది కక్ష అవుతుంది. అందరివీ కొలిస్తే ఆయనది దానంతటదే లిస్టులో పడుతుంది.

పారిశుధ్యం స్టాండింగ్ కమిటీ ఉందో లేదో కూడా అడుగు. 2018 చట్టం ప్రకారం పారిశుధ్యానికి, వీధి దీపాలకు, చెట్లకు, అభివృద్ధి పనులకు వేరువేరు కమిటీలుండాలి. చాలా ఊళ్ళలో అవి బోర్డు మీదే ఉంటాయి. కొలత ఆ కమిటీతో వేయిస్తే నీ ఒక్కదాని మీద పడదు.


రెండు గదుల ఇల్లు:

ర్యాంపు ఉన్నవాళ్ళ తరఫున ఒక మాట. రోడ్డు మీద రోడ్డు పోసి ఎత్తు పెంచారు, ఇళ్ళు కిందికి పోయాయి. ర్యాంపు లేకపోతే బండి ఎక్కదు, మా నాన్న వీల్‌చైర్ దిగదు. అందరం కావాలని మోరీ మూయలేదు. మా గల్లీలో చేసిన పని చెప్తా. కాంక్రీటు కొట్టేసి, ఆ మేరకు ఇనుప జాలీ వేసుకున్నాం, పైకి ఎత్తితే వస్తుంది. వెల్డింగ్ ఖర్చు ఇంటివాళ్ళే పెట్టుకున్నారు, కొట్టే పని పంచాయతీ చేసింది. "తీసేయండి" అంటే ఎవరూ వినరు. "జాలీ వేసుకోండి, కొట్టడానికి మనిషిని మేం పంపుతాం" అంటే చాలామంది వింటారు.


ఆరో వార్డు:

జాలీ మాట చాలా పనిచేసింది. అంశం అజెండాలో పెట్టించాను. మీటింగ్‌లో ఉప సర్పంచే ముందు లేచి "మంచి అంశం, అందరివీ కొలవాలి" అన్నారు. కొలతలో వాళ్ళ అన్నది కూడా వస్తుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తీర్మానం రాశాకే సంతకం పెట్టాను. కమిటీ పేరుకే ఉంది, అందులో ఒకాయన ఊరే వదిలిపోయాడు. ఆయన స్థానంలో ఆ పెన్షన్ ముసలామెను పెట్టించాను. టేపు ఒక కొస ఆమే పట్టుకుంది.

ఇప్పటిదాకా ఐదు ఇళ్ళవాళ్ళు జాలీలు వేసుకున్నారు. ఆ పెద్ద ర్యాంపు మాత్రం ఇంకా అట్లాగే ఉంది. "పండగ పోయాక" అంటున్నారు. నీళ్ళు మునుపటికంటే తగ్గాయి, మొత్తం పోలేదు. మూడో వైరుకు కరెంటోళ్ళు వచ్చి చూసిపోయారు, ఎస్టిమేట్ ఇస్తామన్నారు.

డ్యూటీలో ఉన్నా గారూ, ఒకటి చెప్పండి. తీర్మానం అయ్యాక కూడా తీయకపోతే పంచాయతీ నోటీసు ఇవ్వాలా, లేక గ్రామసభలో మళ్ళీ పెట్టాలా?


డ్యూటీలో ఉన్నా:

రెండూ చేయండి, ముందు నోటీసు. తీర్మానం నంబరు, తేదీ వేసి, కొలతల లిస్టులో మిగిలిన ఇళ్ళన్నిటికీ ఒకే నమూనాలో ఒకే రోజు పంపమని మీ కార్యదర్శిని అడగండి. ఒక్క ఇంటికే పంపమంటే ఆయన వెనకాడతాడు, నేనైనా వెనకాడతా. గడువు కూడా అందులోనే రాయించండి, "పండగ పోయాక" అంటే ఏ పండగో నోటీసులో ఉండదు. వచ్చే గ్రామసభలో ఎన్ని జాలీలు పడ్డాయి, ఎన్ని మిగిలాయి అని లెక్క చదివించండి, పేర్లు అక్కర్లేదు. ఆ ఐదు ఇళ్ళవాళ్ళను మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టండి, మిగతాది వాళ్ళే అడుగుతారు.